ఇంజన్ మెత్తగా నడుస్తోంది

బతు బస్తీ, పోర్ట్ బ్లెయిర్
జూన్ 24

ప్రియమైన మావకి,

తవిటమ్మ రాసేది. ముప్పై ఏళ్ళ కాపురంలో నీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. రాయించింది కూడా నువ్వే. ఫోన్ చేస్తే "హలో, హలో, టవర్ లేదు, పెట్టేస్తన్నా" అంటావు. వాయిస్ మెసేజ్ పెడితే విన్నట్టు నీలం గుర్తు పడుతుంది గానీ జవాబు రాదు. ఫోన్‌లో తెలుగు కొట్టడం మనిద్దరికీ చేతకాదు. మన సాయిలక్ష్మికి నోటినిండా తెలుగే, రాసిపెట్టవే అంటే మాత్రం హిందీలోకి పారిపోతుంది. అందుకని నేనే కూకున్నాను. అయిదో క్లాసు చదువు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది. పక్కింటి సీతాలు ఎండుచేపలు అమ్ముకోడానికి ఇక్కడికి వచ్చింది కదా, రేపు షిప్పులో మన హట్ బే తిరిగొస్తోంది. దాని చేతికిస్తున్నాను.

సాయిలక్ష్మి బాగానే ఉంది. కాన్పు అయ్యేదాకా మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పింది, దిగట్లేదు. అల్లుడు మనోజ్ కొట్టు మధ్యలో వొగ్గేసి వచ్చి మరీ దానికి పళ్ళు కోసి పెడుతున్నాడు. ఇక్కడ నాకే లోటూ లేదు. దిగులంతా నీ గురించే.

వాన పట్టింది. రేకుల మీద దడదడా పడుతుంటే నాకు మన డోంగీ పడవే కళ్ళల్లో మెదులుతోంది. నేనొచ్చి అయిదు నెలలయింది. ఈ అయిదు నెలలూ ఇంజన్ ఆయిల్ ఎవరు చూస్తున్నారు మావా? మన పద్ధతి నీకు తెలుసు కదా, చెవి నీది, కన్ను నాది. నువ్వు వెదురుకర్ర ఒక కొస ఇంజన్ మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని లోపలి రోగం చెప్పేవాడివి. నేను ఆయిల్ కడ్డీ లాగి, తెల్లగుడ్డకి తుడిచి, రంగు చూసి, గీత చూసి, అప్పుడు "ఎల్లు" అనేదాన్ని. నేనన్నాకే తాడు విప్పేవాడివి. ఇప్పుడెవరంటున్నారు?

మా నాన్న సంగతి నీకు తెలిసిందే, అయినా రాస్తాను. వేటకెళ్ళిన ఏడో రోజున డోంగీ దొరికింది. అందులో వల ఉంది, నీళ్ళ క్యాన్ ఉంది, నాన్న చెప్పులున్నాయి. నాన్న లేడు. అంతకు నెల ముందు నుంచే ఆ ఇంజన్ నల్లపొగ కక్కుతోందని ఒడ్డు మీద అందరికీ తెలుసు. "ఈ ట్రిప్పు అయ్యాక చూపిస్తాలే" అనేవాడు. నాకప్పుడు పదకొండేళ్ళు. ఆ చెప్పులు నేనే ఇంటికి మోసుకొచ్చాను.

నీ పాత తెల్లపంచె చింపి పన్నెండు ముక్కలు చేసి పంపుతున్నాను. కడ్డీ తుడిచిన ముక్క ఉత్తరంలో పెట్టి నాకు పంపు, ఇక్కడ కూకునే చూస్తాను. నవ్వకు. వానలు ముదరక ముందే మెకానిక్ బాబ్జీని పిలిచి ఒకసారి ఇంజన్ విప్పించు. మూడేళ్ళయింది దాని మీద మెకానిక్ చెయ్యి పడి. నీకు చెప్పడం చెవిటోడి ముందు శంఖం ఊదడమే, అయినా ఊదుతున్నాను.

వేళకి తిను. ఒంటరిగా మాత్రం వెళ్ళకు.

నీ తవిటి

*

హట్ బే
జూలై 1

ప్రియమైన తవిటికి,

ఓలమ్మో, ఎంత ఉత్తరం! సీతాలు కవరు చేతిలో పెడితే కరెంటాఫీసు నోటీసేమో అనుకున్నాను. నా పంచె చింపడానికి నీకు చేతులెలా వచ్చాయే? ఇంకో రెండేళ్ళు కట్టేవాణ్ణి.

టవర్ బిల్కుల్ బాగాలేదు. నువ్వు ఫోన్ చెయ్యకు, దండగ. ఉత్తరమే హాయిగా ఉంది, రెండు మూడుసార్లు చదువుకోవచ్చు.

ఇక ఇంజన్. ఒట్టేసి చెబుతున్నాను, కొన్ననాటి నుంచి ఇంత మెత్తగా ఎప్పుడూ నడవలేదు. రోజూ పొద్దున్నే కర్ర పెట్టి చూస్తున్నాను. చప్పుడే లేదు. పసిపిల్ల తొంగున్నట్టుంది. గంగమ్మ పూజకి పసుపు రంగు పెయింట్ రెండు కోట్లు వేశాను, కొబ్బరికాయ కొట్టి బొట్టు పెట్టాను. పెళ్ళికూతురిలా ఉంది. నీళ్ళ పంపు కింద చిన్న కన్నంలోంచి చుక్కా చుక్కా నీరు కారేదా, పెయింట్ పడ్డాక అదీ ఆగిపోయింది. బాబ్జీ అయితే ఆ చుక్క కోసం ఇంజన్ మొత్తం విప్పి నేల మీద పరిచేవాడు. మెకానిక్ చెయ్యి పెడితే ఒక రోగం పది రోగాలవుతుంది. నా చెవి ఉండగా బాబ్జీ ఎందుకు? ఇన్నేళ్ళలో నా చెవి ఒక్కసారైనా తప్పిందా చెప్పు.

పైడిబాబు ఇరవై రోజులుగా రావడం లేదు. నడుం నొప్పట. పదేళ్ళు నాతో వల లాగినోడు, ఇప్పుడు ఎదురుపడితే పక్కకి చూస్తాడు. పోనీలే. ఒక్కణ్ణే వెళ్తున్నాను, దూరం పోవడం లేదు, కంగారు పడకు.

గుడ్డ ముక్క పెట్టాను. చూసుకుని తృప్తి పడు. పిల్లదాన్ని జాగ్రత్తగా చూసుకో.

నీ మావ
అప్పలరాముడు

*

బతు బస్తీ
జూలై 6

ప్రియమైన మావకి,

గుడ్డ ముక్క చూశాను. కిటికీ దగ్గర పెట్టి, వేలితో రుద్ది, వాసన చూశాను. నల్లగానే ఉంది. పాతబడింది, మార్చాల్సిందే, కానీ ఇంకా ఆయిలే. మనోజ్ అదేంటని అడిగితే మా ఆయన ఉత్తరం అన్నాను. నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఒంటరిగా వెళ్తున్నావా? ఎంత మామూలుగా రాశావు మావా, కొట్టుకెళ్ళి బీడీలు తెచ్చుకున్నట్టు! పైడిబాబు నడుం నొప్పి అని మానేసే మనిషా? జ్వరంతో కూడా వచ్చి వల లాగినోడు. మీ ఇద్దరి మధ్య ఏమైంది?

ఇంకో మాట. నాకు నచ్చనిది ఇదే. మన ఇంజన్ ఎప్పుడు మెత్తగా నడిచింది? అది స్టార్టయితే జెట్టీ మీద టీ గ్లాసులు అదిరేవి. సీతాలు దాని మోత విని పొయ్యి మీద అన్నం దించుకునేది. అలాంటిది చప్పుడే లేదంటున్నావు. మొండిపిల్లాడు ఉన్నట్టుండి నోరు మూసుకుంటే తల్లికి భయమే వేస్తుంది. నాకూ అలాగే ఉంది.

ఆ చుక్క నీరు ఆగిపోయిందన్నావు. ఏటి ఆగింది, ఎందుకాగింది? కారే నీరు కారాలి కదా, లోపలికి పోతోందేమో? నాకు తెలీదు, నేను చదివినదాన్ని కాదు. తెలిసినోణ్ణి అడగమంటున్నాను. బాబ్జీ మనవాడే, నిన్ను కొరుక్కు తినడు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోకు.

ఇంజన్ చల్లబరిచిన నీళ్ళు పక్క గొట్టంలోంచి బయటికి దూకుతాయి కదా, ఆ ధార బాగా వస్తోందా? మునుపు బొటనవేలంత లావు ఉండేది. ఇప్పుడెంత ఉందో రాయి.

నేను వచ్చేద్దామంటే సాయిలక్ష్మికి రోజులు దగ్గర పడ్డాయి. దీన్ని వొగ్గి రాలేను, నిన్ను వొగ్గి ఉండలేను.  నిజంగా భయంగా ఉంది మావా.

నీ తవిటి

*

హట్ బే
జూలై 22, బుధవారం

ప్రియమైన తవిటికి,

అమ్మమ్మవయిపోయావు! మనోజ్ ఫోన్‌కి పంపిన ఫోటో జెట్టీ అంతా చూపించాను. ముక్కు మా అమ్మదే. మొన్న నువ్వు ఫోన్ చేసి మనవరాలి ఏడుపు వినిపించావు చూడు, ఎంత గొంతే దానిది! అచ్చం నీ గొంతే. ఇంక ఆ ఇంట్లో అల్లుడి మాట ఎవరికీ వినపడదు. ఆ ఏడుపు చెవుల్లో ఇంకా గింగురుమంటోంది.

నీళ్ళ ధార అడిగావు. కొంచెం సన్నబడింది, చిటికెన వేలంత వస్తోంది. వస్తోంది కదా, చాలు. ఆయిల్ మాత్రం చుక్క తగ్గలేదు. ఇంకా గీత దాటి పైకే ఉంది. నేను పొయ్యకుండానే పెరిగింది, గంగమ్మ దయ. ఇంజన్ అదే మెత్తదనం.

ఒడ్డు దగ్గర చేప లేదు. శుక్రవారం తెల్లారి సౌత్ బే దాటి కొంచెం బయటికి పోదామనుకుంటున్నాను. ఒక్కసారి. వచ్చాక బాబ్జీని పిలుస్తాలే, నీ పోరు పడలేక.

గుడ్డ ముక్క పెట్టాను.

నీ మావ
అప్పలరాముడు

*

బతు బస్తీ
జూలై 24, శుక్రవారం

మావా,

ప్రియమైన అని రాసే ఓపిక కూడా లేదు.

నీ కవరు పొద్దున ఏడింటికి చేతికొచ్చింది. గుడ్డ ముక్క విప్పాను. పాలు పోసిన చాయ్ రంగు. నల్లగా ఉండాల్సింది చాయ్ రంగులో ఉంది మావా! ఆయిల్‌లో సముద్రం నీళ్ళు కలిశాయి. పెరిగింది ఆయిల్ కాదు, నీళ్ళు. గంగమ్మ దయ అని రాశావు!  అప్పటికే శుక్రవారం తెల్లారిపోయింది.

నీకు పదహారుసార్లు ఫోన్ చేశాను. మొదటి రెండుసార్లూ మోగింది. టవర్ లేకపోతే ఎలా మోగుతుంది?

పైడిబాబుకి చేశాను. మొదట నడుం అన్నాడు. ఏడ్చేశాను. అప్పుడు చెప్పాడు. "దీదీ, ఆ ఇంజన్ ఖట్ ఖట్ మని కొట్టుకుంటోంది, సుత్తి పెట్టి కొట్టినట్టు. జెట్టీ మీదికి వినిపిస్తోంది. నేనున్నప్పుడే, వల ఇరుక్కుంటే ఆపు అన్నా, ఆపు అన్నా అని వెనకనుంచి గొంతు చించుకున్నా అన్న తిరిగి చూడలేదు. పొగరెక్కిందనుకుని దిగిపోయాను" అన్నాడు.

మావా, ఇంకోటి. మొన్న నేను ఫోన్ చేసి బిడ్డ దగ్గర పెట్టానే, అది అప్పుడు నిద్రపోతోంది. పాలు తాగి తొంగుంది. కిక్కురుమనలేదు. "ఊపిరి చప్పుడు విను మావా, ఎంత చిన్నగా ఉందో" అన్నాను నేను. నువ్వేమో "ఆ, ఆ, ఏడుస్తోంది, బాగా ఏడుస్తోంది" అన్నావు. ఏదో పరధ్యానమనుకున్నాను. నీ ఉత్తరంలో మళ్ళీ ఆ ఏడుపు గురించే చదివాక, నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ మొదటినుంచి చదివాను.

నీకు వినిపించడం లేదు. అవునా?

జనవరిలో నేను బయల్దేరే ముందు టీవీ అంత గట్టిగా పెట్టుకుంటే తిట్టాను. నేను పిలిస్తే పలకడం లేదని రెండు రోజులు అలిగాను కూడా. నాకెందుకు తట్టలేదు? ఇంజన్ మెత్తబడలేదు మావా. అది మొత్తుకుంటూనే ఉంది.

బాబ్జీకి ఫోన్ చేశాను. జెట్టీకి పరిగెత్తాడు. నీ డోంగీ లేదట. పొద్దున అయిదింటికే వెళ్ళావట. పైడిబాబుని ఎక్కించుకుని తన డోంగీలో నీ వెనకే వెళ్తున్నామన్నాడు. అది తొమ్మిదింటి మాట. ఇప్పుడు మూడయింది. మనోజ్ జెట్టీ ఆఫీసులో కూకుని అందరికీ ఫోన్లు చేస్తున్నాడు. సాయిలక్ష్మికి ఏమీ చెప్పలేదు. "అమ్మా, మళ్ళీ మళ్ళీ ఆ గుడ్డ ఎందుకు చూస్తావ్?" అని అడుగుతోంది.

చేతులు ఊరికే ఉంచుకోలేక రాస్తున్నాను. షిప్పులో వచ్చే రమణయ్య మామ చేతికి ఇస్తాను. దీన్ని నువ్వు చదువుతున్నావంటే ఒడ్డున ఉన్నట్టే. చదువు మావా. ఎలాగైనా చదువు. నువ్వు చెవిటివాడివైతే నాకేటి? నాకు చెప్పులు వద్దు. మనిషి కావాలి.

తవిటి

*

హట్ బే
జూలై 27, సోమవారం

ప్రియమైన తవిటికి,

చదివాను. ఒడ్డునే ఉన్నాను. బాబ్జీ నీకు శుక్రవారం సాయంత్రమే ఫోన్ చేసి ప్రాణాలతో ఉన్నాడని చెప్పాడట. మిగతాది నా నోటితో నేనే చెప్పాలి గానీ, నోటితో చెబితే నువ్వు తిరిగి అడిగేది నాకు వినపడదు. అందుకే రాస్తున్నాను.

వినపడదే తవిటీ. నిజం. ఎడమది రెండేళ్ళుగా మందగించింది. మార్చిలో జ్వరమొచ్చి తగ్గాక కుడిది కూడా పోయింది. ఎదురుగా నిలబడి అరిస్తే ఏదో గొణిగినట్టుంటుంది, అంతే. టవర్ బాగానే ఉంది. నీ వాయిస్ మెసేజ్‌లు అన్నీ చెవికి ఆనించుకున్నాను. ఫోన్ సన్నగా వణికేది. అదే నీ గొంతనుకునేవాణ్ణి.

కర్ర కూడా అంతే. ఎముకకి వణుకు తగిలేది, విన్నానని నాకు నేనే చెప్పుకున్నాను. మోత లేకపోతే రోగం లేదనుకున్నాను. నా చెవిలో రోగమని నాకు తెలియకపోలేదు. తెలుసు. బాబ్జీని పిలిస్తే ఇంజన్ విప్పక ముందే "ఈ కొట్టుడు వినపడటం లేదా భాయ్?" అంటాడు. ఆ మాటకే భయపడ్డాను. చెవుల్లేని సరంగు పడవ ఎవడెక్కుతాడు? నువ్వు మొదటి ఉత్తరంలో చెవిటోడి ముందు శంఖం అని రాశావు చూడు, ఆ కాయితం మడిచి బయట వానలో కూకున్నాను చాలాసేపు. నీకు తెలిసిపోయిందేమో అని వణికాను. సముద్రానికి ఎప్పుడూ అంత వణకలేదు.

చాయ్ రంగు గుడ్డ చూడకుండా పంపలేదు. చూశాను. చూసి, మడిచి, కవర్లో పెట్టాను. నా అంతట నేను చెప్పలేనిది అది చెబుతుందనుకున్నానో ఏమో. ఉత్తరం ఎక్కిన షిప్పు వెళ్ళిపోయాక కూడా, ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అని బయల్దేరాను. మీ నాన్న మాటే.

శుక్రవారం సౌత్ బే దాటాక నా కాళ్ళ కింద చెక్క వణకడం మానేసింది. అప్పుడు తెలిసింది ఇంజన్ ఆగిందని. తిరిగి చూస్తే పొగ. వేడెక్కితే అరిచే బజర్ ఉంది కదా, అది ఎంతసేపు అరిచిందో దేవుడికే తెలియాలి. లంగరు తాడు అడుగుకి అందలేదు. ఫోన్ చూస్తే అక్కడ నిజంగానే టవర్ లేదు. నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఒడ్డు సన్నటి గీతయింది. కాసేపటికి అదీ పోయింది. చెప్పులు పక్కన విప్పి పెట్టి ఉన్నాయి. వాటిని చూడగానే మీ నాన్న గుర్తొచ్చాడు. తొడుక్కుని, తాడుతో కాళ్ళకి కట్టుకుని కూకున్నాను. దొరికితే నాతోనే దొరకాలని.

నాలుగింటికి వీపు మీద ఏదో పడింది. పైడిబాబు విసిరిన తాడు. వెనకనుంచి చాలాసేపు అరిచారట. నేను తిరగలేదు. బాబ్జీ నా డోంగీలోకి దూకి, నా ముఖం చూసి, వేలితో తన చెవి చూపించాడు. తలూపాను. వాడు పక్కన కూకుని బీడీ వెలిగించి ఇచ్చాడు.

నిన్న ఇంజన్ విప్పాడు. పంపు కింద కన్నం మీద నా పసుపు పెయింట్ గోటితో గీకి చూపించాడు. లోపల సీలు అరిగితే ఆ నీరు బయటికి కారాలని, మనిషికి తెలియాలని పెట్టిన కన్నమట అది. పెళ్ళికూతురి ముస్తాబు చేసి దాన్ని నేనే మూశాను. నీరు ఆయిల్‌లోకి పోయింది, బేరింగులు అరిగాయి, కొట్టుకుంది, ఆగిపోయింది. నువ్వు జూలై మొదట్లోనే అడిగావు, లోపలికి పోతోందేమో అని. అప్పుడు పిలిస్తే ఒక సీలుతో, ఒక పూటతో పోయేది. ఇప్పుడు లోపలి సామాను చాలా మార్చాలట. బాబ్జీ కాగితం మీద రాసి చూపించాడు: "నీ చెవి తప్పు కాదు. పిలవకపోవడం తప్పు." పైడిబాబు మళ్ళీ వస్తానన్నాడు, నేను నిజం చెబుతూ ఉంటేనే అన్నాడు.

గురువారం షిప్పుకి వస్తున్నాను. పెద్దాసుపత్రిలో చెవులు చూపించుకుంటాను. బాగవుతాయో లేదో తెలీదు, భయంగానే ఉంది. నువ్వు పక్కన ఉండు. మనవరాల్ని ఒళ్ళో పెట్టు, ఊపిరి తీస్తుంటే దాని వీపు మీద చెయ్యి వేసుకుని కూకుంటాను. మిగిలిన పది గుడ్డ ముక్కలూ తెస్తున్నాను, నీ దగ్గరే ఉంచు.

జెట్టీ మీద నన్ను వెనకనుంచి పిలవకు తవిటీ. నేను తిరగను, నీకు దిగులేస్తుంది. జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, నాకు ఎదురుగా నిలబడు.

నీ మావ
అప్పలరాముడు